అజ్జి స్క్రాప్‌బుక్కు

ఆ రోజుల్లో మనిషికి ఇంట్లో ఒక మొహం, పని దగ్గర ఒక మొహం ఉంటే సరిపోయేది. రెండు వేల ఆరు ప్రాంతంలో బెంగళూరులో మూడోది కూడా తప్పనిసరి అయింది. లేత నీలం రంగు పేజీ, ఒక పక్క మన ఫోటో, ఇంకో పక్క స్నేహితుల ఫోటోలు, మధ్యలో ఎవరైనా వచ్చి నాలుగు ముక్కలు రాసిపోయే స్క్రాప్‌బుక్కు. ఆ సైటు పేరు చెప్పను. ఆ వయసు దాటొచ్చినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తర్వాత పుట్టినవాళ్ళకు చెప్పినా తెలీదు. ఒకరు మనకు రాసింది ఊరంతా చదవొచ్చు. ఊరంతా చదివేది కూడా. అందులో ఇబ్బంది పడాల్సింది ఏముందో మాలో ఎవరికీ తోచలేదు. పైగా మన పేజీని ఈమధ్య ఎవరెవరు చూసిపోయారో ఆ సైటు ఒక జాబితా చూపించేది. నాకు దొరికిన మొదటి ఉద్యోగానికీ ఆ జాబితాకూ కొంచెం సంబంధం ఉంది. ఇందులో నా ప్రతిభ పాత్ర ఎంత అని అడక్కండి, చదివితే తెలుస్తుంది.

నేను ఇంజనీరింగు పాసయ్యాను. ఈ వాక్యాన్ని మా ఇంట్లో కొంత ఆశ్చర్యంతో పలికేవాళ్ళు. సాఫ్ట్‌వేరు కంపెనీలు నన్ను పదకొండుసార్లు ఇంటర్వ్యూ చేసి, పదకొండుసార్లూ "మేమే కబురు చేస్తాం" అన్నాయి. (ఆ కబురు ఇంకా దారిలో ఉందనే నా నమ్మకం.) చివరికి మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, పీణ్యలోని తన మెషిన్ షాపులో ఆర్నెల్లకు ట్రైనీగా పెట్టుకున్నాడు. షాపంటే రేకుల కప్పు, నాలుగు యంత్రాలు, పదిమంది మనుషులు, అద్దాల తలుపున్న ఒక క్యాబిను, అందులో ఒక కంప్యూటరు. "అల్లుడా, ఆర్నెల్లు చూస్తా. పనికొస్తే ఉంటావు. పనికి రాకపోతే మీ అమ్మకు నేనేమీ చెప్పను, నువ్వే చెప్పుకో" అన్నాడు మామ. ఆయన పరిస్థితీ అప్పుడు అంతంతమాత్రమే. రెండో షిఫ్టుకు సరిపడా పని లేదు. హోసూరు రోడ్డు వైపున్న ఒక పంపుల కంపెనీ మాత్రం పంపు ఇరుసుకు తొడిగే ఇత్తడి బుష్షులు మచ్చుకు కొన్ని చేయించుకుంటూ, ఆ పని మొత్తం ఇవ్వడానికి ఆలోచిస్తోంది. ఇచ్చే ముందు వాళ్ళ క్వాలిటీ మనిషి వచ్చి షాపు చూడాలి. నచ్చితే రెండో షిఫ్టు నిలుస్తుంది, దాంతోపాటు నేనూ నిలుస్తాను. నచ్చకపోతే రెండో షిఫ్టు మూత, అందరికంటే ఆఖర్న చేరిన నేను అందరికంటే ముందు ఇంటికి. ఎన్ని పరీక్షలు తప్పినా నాకు ఈ సంగతి మాత్రం ఒక్కసారికే అర్థమైంది.

ఆ బుష్షులు చేయాల్సిన లేతు పేరు అజ్జి. కన్నడంలో అజ్జి అంటే అవ్వ. మామ దాన్ని సెకండ్‌హ్యాండులో కొనేనాటికే అది ఇద్దరు యజమానుల్ని చూసింది. పొద్దున ఆరు నుంచి రెండు దాకా దాని మీద మేస్త్రి పనిచేసేవాడు. చిక్కపేట వెనక సందుల్లో వాళ్ళది తరతరాల నేతపని; మగ్గాలు అమ్మేశాక లేతు పట్టాడు గానీ దాన్ని కూడా మగ్గాన్ని తడిమినట్టే తడిమేవాడు. రెండు నుంచి పది దాకా పావగడ అన్న. పేరు చెప్పినట్టే పావగడ నుంచి వచ్చినవాడు, మేస్త్రి చెల్లెల్ని చేసుకున్నవాడు. అంటే వీళ్ళిద్దరూ ఒకరికొకరు బావ. ఆ బావాబావలు మూడేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. కారణం, అన్న కొడుకు నామకరణంలో ఒబ్బట్లు. వడ్డించేవాడు మేస్త్రి ఆకును చూసి కూడా దాటిపోయాడని ఒక కథనం, ఒబ్బట్టులో నెయ్యి తక్కువైందని మేస్త్రి నలుగురిలో అన్నాడని ఇంకో కథనం. (నేను రెండు పక్షాల వాదనా పూర్తిగా విన్నాను. ఒబ్బట్టు తప్ప అందరిదీ తప్పే అని నా తీర్పు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.)

మాట్లాడుకోని ఇద్దరు ఒకే యంత్రం మీద ఎలా పనిచేస్తారు? దానికి వాళ్ళే ఒక పద్ధతి పెట్టుకున్నారు. దిగిపోయేవాడు అజ్జి తలుపు మీద సుద్దముక్కతో రాస్తాడు, ఎక్కేవాడు చదువుకుంటాడు. రాసేది ఎదుటివాడికి కాదు, అజ్జికి. "అజ్జీ, నీ మూడో టూలు అరిగిండాది. వచ్చేవాడు కండ్లు తెరిచి చూస్తే బాగుంటాది" అని మధ్యాహ్నం మేస్త్రి రాసేవాడు. మర్నాడు పొద్దున దాని కింద అన్న జవాబు ఉండేది: "అజ్జీ, నా కండ్లు బాగానే ఉండాయి. పోయేవాడు ఇనుప తురుము ఊడ్చి పోతే ఇంకా బాగా కనపడతాది." ఇలా మూడేళ్ళు. విచిత్రమేమంటే షాపులో అన్నిటికంటే తక్కువ ముక్కలు చెడిపోయేది అజ్జి మీదే. కోపంలో ఉన్న మనిషి ఎదుటివాడి తప్పు ఒక్కటి కూడా వదలడు కదా, ఏదీ రాయకుండా పోయేది కాదు.

ఇంతలో క్వాలిటీ మనిషి ఇంకో నెలలో వస్తారని కబురొచ్చింది. మామ వెంటనే చేసిన పని యంత్రాలన్నిటికీ పచ్చరంగు వేయించడం. వేయించి, "ఎవడైనా దీని మీద సుద్ద పెట్టినాడంటే చెయ్యి ఇరిగిపోతాది" అని ప్రకటించాడు. నోటీసు బోర్డు పెడదామన్నాను. పెట్టాం. ఇద్దరూ దానివైపు తల కూడా తిప్పలేదు. బోర్డు మీద రాస్తే మనిషికి రాసినట్టు అవుతుందట. మొదటి రోజే మేస్త్రి టూలు అరిగిందని ఎవరికీ చెప్పకుండా దిగిపోయాడు, అన్న ఎవరినీ అడక్కుండా ఎక్కాడు, సాయంత్రానికి నలభై బుష్షులు పాత ఇత్తడిగా మారాయి. మామ ఇద్దర్నీ క్యాబిన్లోకి పిలిచి అరిచాడు. మేస్త్రి తాపీగా, "నేను అజ్జికి నోటితో చెప్పినానప్పా. అది చెప్పలేదేమో" అన్నాడు. అన్న కంప్యూటరు వైపు చూస్తూ, "అజ్జికి ఈ మధ్య మరుపు ఎక్కువైంది, ఓనరు" అన్నాడు.

అప్పుడు నాకు ఆ ఆలోచన వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా అది మంచి ఆలోచనే అంటాను, కాకపోతే ఇప్పుడు కొంచెం చిన్నగా అంటాను. ఆ నీలం సైటులో అజ్జి పేరిట ఒక పేజీ తెరిచాను. ఫోటో: ఆయుధపూజనాటిది, చామంతి దండ, పసుపూ కుంకుమ, పక్కన పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ. వయసు: ఆ సైటు ఒప్పుకున్నంత. ఇష్టాలు: నూనె, నిదానం. పనిచేసే చోటు: మా షాపు పేరు, పీణ్యలో ఎన్నో క్రాసో దానితో సహా. (ఖాళీ కనిపిస్తే నింపాలని కాలేజీలో నేర్పారు.) ఇద్దరు బావలకూ చెరొక పేజీ తెరిచి, ముగ్గురి పాస్‌వర్డూ ఒకటే పెట్టి, మరిచిపోకుండా దాన్ని ఒక చీటీ మీద రాసి కంప్యూటరుకే అంటించాను.

పొద్దున్నే షెట్టరు తీయడం నా పని కాబట్టి, అన్న రాత్రి రాసింది మేస్త్రికి నేనే చదివి వినిపించేవాణ్ణి. రెండింటికి మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వచ్చి నా వెనక నిలబడి చెప్తే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాణ్ణి. అన్నకు నా సాయం అక్కర్లేదు. చూపుడు వేలు ఒక్కదానితో, గొంగళిపురుగు గోడెక్కినంత వేగంతో, తనే కొట్టుకునేవాడు. మొదటి వారం పాత సుద్ద రాతలే వచ్చాయి: టూలు, తురుము, యంత్రం వేడెక్కకుండా పోసే కూలెంటు. రెండో వారం నేను కాస్త అతి చేశాను. అజ్జి తరఫున జవాబులు రాయడం మొదలుపెట్టాను. "నాయనా, నా తురుము ఊడ్చినందుకు సంతోషం. ఒళ్ళు తేలికగా ఉంది" అని మేస్త్రి పేజీలో రాస్తే, మర్నాడు ఆయన అజ్జిని రెండుసార్లు ఊడ్చాడు. "రాసేది నువ్వే అని నాకు గొత్తప్పా, తెలుసు. అయినా చదవు, ఇంకోసారి చదవు" అనేవాడు. అన్న తన కొడుకు బడిలో చేరిన సంగతి అజ్జికి రాశాడు. నేను అది చదివి వినిపించాను. మేస్త్రి గోడ వైపు తిరిగి, "ఏ బడో రాయలేదా?" అని అడిగాడు. నేను అజ్జి తరఫున అడిగాను. మర్నాటికి జవాబొచ్చింది.

అదే రోజుల్లో నా సొంత జీవితంలో ఒక పెద్ద విశేషం జరిగింది. నా పేజీని చూసిపోయినవాళ్ళ జాబితాలో ఒక కొత్త పేరు కనిపించింది. పేరంటే ఒక్క అక్షరం, ఫోటో ఉండాల్సిన చోట నీలం శంఖపుష్పం. ఆడమనిషి అని రాసి ఉంది. వారంలో మూడుసార్లు వచ్చింది. నా పేజీకి అప్పటిదాకా వచ్చిన ఏకైక ఆడమనిషి మా చిన్నక్క, అదీ తిట్టడానికి. నేను వెంటనే నా ఫోటో మార్చాను. నంది కొండ దగ్గర మామ బైకుకు ఆనుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఎటో దూరంగా చూస్తున్నది పెట్టాను. నా గురించి అన్న చోట నాలుగు పేరాలు కొట్టేసి, 'సింపుల్' అని ఒక్క మాట ఉంచాను. కంప్యూటరు ముందు కూర్చునే ముందు తల దువ్వుకోవడం కూడా మొదలైంది. (కంప్యూటరుకు కెమెరా లేదు. ఆ సంగతి నాకు తెలుసు.) శంఖపుష్పం అజ్జి పేజీ కూడా చూసిందని అజ్జి జాబితాలో కనిపించింది. నా స్నేహితుల్ని కూడా విడవకుండా చూస్తోందంటే ఎంత ఇదిగా ఉందో అనుకున్నాను.

క్వాలిటీ మనిషి రావడానికి రెండు రోజుల ముందు మామ, "షిఫ్టు రికార్డు ఫైలు అడుగుతారంట. శుభ్రంగా ఉండాల" అన్నాడు. అలాంటి ఫైలు మాకు లేదు. అందుకే ఒక మధ్యాహ్నం కూర్చుని నెలరోజుల రికార్డు తయారుచేశాను. రోజుకో రంగు పడేలా నాలుగు పెన్నులు వాడాను. రెండు పేజీల మీద టీ ఒలికించాను, సహజంగా ఉండాలని. ప్రతి గడిలోనూ ఓకే, ఓకే, ఓకే. మామ తిరగేసి, "ఇంత బాగా జరుగుతోందా మన షాపు?" అన్నాడు, నిజంగానే సంతోషపడుతూ.

వచ్చింది ఒక మేడమ్. నలభై దాటినావిడ, నూలు చీర, కాళ్ళకు ఇనుప ముక్కున్న సేఫ్టీ బూట్లు. మామతో కన్నడంలో మొదలుపెట్టి, మా తెలుగు విని, "మా అత్తగారిది హిందూపురం, తెలుగులోనే చెప్పండి" అంది. షాపంతా తిరిగింది, పచ్చరంగు బాగుందంది, క్యాబిన్లో కూర్చుని నా ఫైలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చూసింది. మామ నా భుజం తట్టాడు. అప్పుడావిడ సంచిలోంచి కొన్ని కాగితాలు తీసి ఫైలు పక్కన పరిచింది. ప్రింటు తీసినవి. పైన లేత నీలం గీత. మొదటి కాగితం మీద చామంతి దండ, బూడిద గుమ్మడికాయ.

"మీ షాపు పేరు కొట్టి వెతికితే ఇది దొరికింది" అంది మేడమ్. "ఫైల్లో ముప్పై రోజులూ అన్నీ ఓకే. ఇంత ఆరోగ్యంగా ఉన్న మెషిన్ని నా సర్వీసులో చూడలేదు. ఇందులో చూస్తే పోయిన గురువారం కూలెంటు అయిపోయి రెండు గంటలు ఆగిందనీ, మూడు ముక్కలు గరుకుదేలితే తీసి పక్కన పెట్టామనీ ఉంది. ఏది నిజం?"

మామ ఆ కాగితాలనూ నన్నూ మార్చి మార్చి చూస్తున్నాడు, ఆయనకు ఆ నీలం గీత ఏమిటో కూడా తెలీదు. మేడమ్ నా వైపు తిరిగి, "మీ పేజీ కూడా చూశాను, మూడుసార్లు. ఈ అజ్జికి స్నేహితులు ముగ్గురే కదా, ఇదంతా ఎవరి పనో తేల్చుకుందామని" అని, చిన్నగా నవ్వింది. "కళ్ళద్దాలు బాగున్నాయి. బైకు మీదేనా?"

"నాది" అన్నాడు మామ. ఆ క్యాబిన్లో ఆ నిమిషాన చెప్పిన మొదటి నిజం అదే.

నేను కూడా ఒకటి చెప్పేశాను. "ఫైలు నేను ఒక్క మధ్యాహ్నంలో రాశాను మేడమ్. టీ కూడా నేనే పోశాను. అజ్జి పేజీలో ఉన్నదే జరిగింది." ఎవరితో పెళ్ళిచూపుల దాకా ఊహించుకున్నానో ఆ శంఖపుష్పం ముందు ఇలా నిలబడాల్సి వచ్చిందే అన్న దిగులుకు కూడా టైము లేదు. మేడమ్ ఇద్దరు బావల్నీ పిలిపించమంది. సరిగ్గా షిఫ్టు మారే వేళ. మేస్త్రి తడి చేతులతో, అన్న టిఫిన్ క్యారియరుతో వచ్చి, తలుపుకు చెరో పక్క నిలబడ్డారు, మధ్యలో ఒక యంత్రం ఉన్నట్టు.

"గురువారం కూలెంటు పోయడం ఎవరు మరిచారు?" అని అడిగింది మేడమ్. కాగితం మీద 'పొద్దుటోడు మరిచినాడు అజ్జీ' అని అన్న చూపుడు వేలి సాక్ష్యం స్పష్టంగా ఉంది. అన్న దాన్ని చూశాడు, మామ మొహం చూశాడు. "ఆయప్ప తప్పు కాదు మేడమ్. డ్రమ్ములోనే లేదు. నేను కోపంలో అట్ల రాసినా" అన్నాడు. మేస్త్రి మెడ చటుక్కున తిరిగింది. "లేదు మేడమ్. డ్రమ్ము నిండా ఉండింది. నేనే మరిచినా. ఆయన రాసింది సరిగానే ఉండాది. సుమ్నే, ఊరికే నన్ను కాపాడతా ఉండాడు." "నేనేం కాపాడలే." "మల్ల అబద్దం ఎందుకు చెప్తావు, ఆయమ్మ చూస్తా ఉండాది!" "నువ్వు పోయినావంటే మా ఇంట్లో నా గతేమవుతాదో నీకేం తెలుసు?" మూడేళ్ళ తర్వాత మొదటి సంభాషణ అలా నడిచింది. మామకు ఆర్డరు సంగతి కూడా ఒక క్షణం గుర్తున్నట్టు లేదు.

"ఆ మూడు ముక్కలు ఎక్కడ?" అంది మేడమ్. ఇద్దరూ ఒకేసారి బయటికి నడిచారు. అజ్జి కింద ఎర్ర డబ్బా ఉంది. అందులో మూడు బుష్షులు, ఒక్కొక్కదాని మీదా సుద్దతో గుర్తు. (మామ యంత్రం మీద వద్దన్నాడు గానీ బుష్షు మీద వద్దనలేదు.) మేడమ్ వాటిని వెలుతురులో తిప్పి చూసింది, లోపలి బోరు కొలిచింది, తిరిగి డబ్బాలో వేసింది. తర్వాత క్యాబిన్లోకొచ్చి నా ఫైలును రెండు వేళ్ళతో ఎత్తి మామకిచ్చింది. "ఇది పారేయండి. చెడిన ముక్కల్ని దాచకుండా ముగ్గురికి చెప్పుకునే షాపులు నాకు ఎక్కువ దొరకవు. ట్రయల్ ఆర్డరు ఇస్తాను, మూడు నెలలు. కానీ ఆ పేజీ ఇవాళే తీసేయండి. నేను చదవగలిగానంటే ఎవరైనా చదువుతారు. రేపు మా పంపుల డ్రాయింగు కూడా అజ్జికి చెప్తారు మీరు. ఆ రాతలే ఒక పుస్తకంలో రాయండి. వాళ్ళు ఎలా చెప్తే అలాగే. అందంగా రాయకండి." చివరి మాట నాకే.

ఆవిడ వెళ్ళాక మామ ఆ కాగితాల్ని నాచేత మొత్తం చదివించుకున్నాడు. అన్న కొడుకు బడి దగ్గర ఆపి, "వీడు బడిలో చేరినాడా? నాకెవరూ చెప్పలేదే" అన్నాడు. చివరికి, "అల్లుడా, నీ పుస్తకం చదువు నాకు ఎందుకూ పనికి రాలే. నీ చాడీల పేజీ పనికొచ్చింది. రేపట్నుంచి నీకు ట్రైనీ అనే మాట లేదు. వాళ్ళు చెప్పేది రాయి, అదే ఉద్యోగం" అన్నాడు. పదకొండు కంపెనీలు చెప్పలేని మాటను మా మామ అలా చెప్పాడు. నేను ఆయనకు ఆ రోజు థ్యాంక్స్ చెప్పలేదు. మేనమామకు థ్యాంక్స్ ఎలా చెప్తారో నాకు తెలీదు, ఇప్పటికీ తెలీదు.

మేడమ్ ఇవాళే అంది గానీ, ఆర్డరు వచ్చినందుకు మామ పెట్టిన తీర్థప్రసాదాల హడావిడిలో పడి, అజ్జి పేజీ తీసేసింది మర్నాడు రెండింటికి. కంప్యూటరు ముందు నేను, వెనక ఇద్దరూ. నిజంగా తీసేయాలా అని సైటు అడిగింది. నేను వెనక్కి చూశాను. మేస్త్రి కళ్ళు చామంతి దండ మీదే ఉన్నాయి. "నొక్కప్పా" అన్నాడు. నొక్కాను. పేజీ తెల్లబడింది. అప్పుడు అన్న, కంప్యూటరుకు కాదు, గోడకు కాదు, మేస్త్రికే చెప్పాడు: "బావా, రేపట్నుంచి ఎవరికి చెప్పేది?"

"నాకే చెప్పు. నాకూ చెవులుండాయి" అన్నాడు మేస్త్రి. గుమ్మం దాకా పోయి ఆగి, "ఆదివారం పిల్లోణ్ణి తీసుకురా. ఒబ్బట్లు చేయిస్తా. నెయ్యి నువ్వే పోసుకో" అన్నాడు.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఆ నీలం సైటు కూడా మూతపడింది. నేను తర్వాత నాలుగు చోట్ల పనిచేశాను. ఇప్పుడు సర్జాపుర రోడ్డులో, ఎన్నో అంతస్తో నాకే సరిగ్గా గుర్తుండని చోట కూర్చుని, నా ఫోనులో ఉన్న ఆఫీసు గ్రూపులన్నిటికీ చేతులు జోడిస్తూ, బొటనవేళ్ళు ఎత్తుతూ ఉంటాను. అన్నిట్లోనూ అన్నీ ఓకే. ఎప్పుడైనా ఒక కుర్రది, "సార్, నిన్న నా పొరపాటు వల్ల ఆగింది" అని అందరి ముందూ రాస్తే, ఆ ఎర్ర డబ్బా కళ్ళముందు కనిపిస్తుంది. ఆమెకు వెంటనే ఫోన్ చేసి మెచ్చుకుంటాను, ఎందుకో ఆమెకు అర్థం కాదు. మేడమ్ వదిలిపోయిన కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. వాటి మీద టీ మరకలు కూడా ఉన్నాయి, ఇవి నిజమైనవి. నాకు వృత్తి నేర్పింది ఎవరని అడిగితే ఒక మామ, ఇద్దరు బావలు, ఒక శంఖపుష్పం, ఒక లేతు అని చెప్తాను. అడిగినవాళ్ళు నేను జోకేశాననుకుంటారు.

మొన్న ఉద్యోగాల సైటులో, నా పేజీని ఎవరో చూశారని కబురొచ్చింది. ఎవరో చెప్పలేదు, చెప్పాలంటే విడిగా డబ్బు కట్టాలట. నాకు తెలుసు, ఎవరో క్వాలిటీవాళ్ళే అయివుంటారు. అయినా లేచి అద్దం దగ్గరికి వెళ్ళి, మిగిలిన నాలుగు వెంట్రుకలూ దువ్వుకుని వచ్చి కూర్చున్నాను.